క్రియాటినిన్ 2.1 ఉన్న అమ్మకు ఊపిరితిత్తుల రక్తనాళంలో బెలూన్: డై లేకుండా చేయించవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి.

మీ అమ్మగారికి 58 ఏళ్లు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేవారు. రెండేళ్ల కిందట కాలు వాచింది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు చేరి ఐసీయూలో ఉన్నారు. రక్తం పలచబడే మందు ఆరు నెలలు వాడి ఆపేశారు. కొన్నాళ్లకు ఆయాసం మొదలైతే మిర్చి ఘాటు వల్లే అన్నారని ఏడాది పాటు ఇన్‌హేలర్ పీల్చారు. ఇప్పుడు ఎకోలో ఊపిరితిత్తుల ప్రెషర్ 85 వచ్చింది, సీటీలో పాత గడ్డలు మచ్చలు కట్టి కనిపించాయి. ఆ సీటీకి డై (రక్తనాళాలు కనిపించేందుకు ఎక్కించే మందు) ఎక్కించిన నాలుగో రోజున క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) 2.6. నీరు దింపే లాసిక్స్ డోసు పెంచారు, ఐదు కిలోల నీరు దిగింది, ఇప్పుడు క్రియాటినిన్ 2.1. విజయవాడలో చూసిన డాక్టరు గారు రక్తనాళాల్లో బెలూన్ పెట్టి నాలుగైదు విడతలుగా తెరవాలన్నారు. ప్రతి విడతకూ డై కొడితే అమ్మ డయాలసిస్‌కి వెళ్లిపోతుందేమోనని మీ టెన్షన్. డై లేకుండానే చేస్తారని ఎవరో చెప్పారు, అది నిజమా అని అడిగారు.

నిజమే, చేస్తారు, నేనూ చేశాను. అయినా మీ అమ్మగారికి అసలు డై చుక్క కూడా తగలకూడదని పట్టుబట్టవద్దని చెబుతున్నాను. బాగా తక్కువ డైతో చేయించండి, కానీ డై భయంతో ట్రీట్‌మెంట్ మాత్రం వాయిదా వేయకండి. ఇరవై ఏళ్లుగా గుంటూరు, విజయవాడల్లో క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళాల్లోకి ట్యూబులు పంపి చికిత్స చేసే గదిలో) ఉన్న గుండె డాక్టరుగా ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగాను. లాసిక్స్ పెంచి ఐదు కిలోల నీరు దిగాక క్రియాటినిన్ తగ్గింది. కిడ్నీలోనే జబ్బు ఉంటే నీరు అంతలా తీసేసినప్పుడు క్రియాటినిన్ సాధారణంగా పెరగాలి. ఈమెకు తగ్గింది. దీని అర్థం మన డెల్టా కాలువల్ని చూసినవాళ్లకు సులువుగా తెలుస్తుంది. కాలువ దిగువన గుర్రపుడెక్క పట్టి పూడుకుపోతే ఎగువ పొలాల్లో నీరు నిలబడిపోతుంది. పొలం మంచిదే, నీరు పోయే దారి లేదు. ఊపిరితిత్తుల రక్తనాళాలు మచ్చలతో మూసుకుపోతే కుడి గుండె ముందుకు తోయలేక అలసిపోతుంది. దాని వెనక ఉన్న సిరల్లో ప్రెషర్ పెరుగుతుంది. కాళ్లు, పొట్ట, లివరు, కిడ్నీ అన్నీ ఉబ్బుతాయి. కిడ్నీ లోంచి రక్తం బయటికి పోయే దారిలోనే ప్రెషర్ ఎక్కువైతే అది వడపోయలేదు. క్రియాటినిన్ పెరుగుతుంది.

డై పాత్ర లేదని చెప్పను. డై వల్ల కిడ్నీ దెబ్బతింటే మూడు నుంచి ఐదు రోజుల్లో క్రియాటినిన్ బాగా పెరిగి, తర్వాత ఒకటి రెండు వారాల్లో దిగడం మామూలు. నాలుగో రోజున 2.6 అంటే దానికీ సరిపోతుంది. కానీ స్కాన్‌కి ముందు క్రియాటినిన్ ఎవరూ చేయించలేదని మీరే రాశారు. ముందు అంకె లేకుండా తప్పంతా డై మీద వేయలేం. రెండూ కలిసి ఉంటాయని నా అంచనా. ఈ వారంలో మరోసారి క్రియాటినిన్, పొటాషియం చేయించండి. బరువు అదే తూకం మీద, ఉదయం, టిఫిన్‌కి ముందు చూసి రాసి పెట్టండి. బరువు నిలకడగా ఉండి క్రియాటినిన్ ఇంకా దిగుతుంటే కిడ్నీలో చాలా భాగం తిరిగి వచ్చేదే అనుకోవచ్చు. ఊపిరితిత్తుల దారి తెరిచాక కిడ్నీ పనితీరు మెరుగుపడటం ఈ జబ్బులో బాగా తెలిసిన విషయం. మీరు కిడ్నీని కాపాడాలని ఆపాలనుకుంటున్న ట్రీట్‌మెంటే ఆ కిడ్నీకి మేలు చేసేది కావచ్చు.

ఇది నేను సులువుగా నేర్చుకోలేదు. పన్నెండేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఇలాంటి మనిషికే క్రియాటినిన్ 2.4 ఉందని, డై రిస్కు అని అందరం కలిసి వెనక్కి పంపాం. మందులతో నెట్టుకు రమ్మన్నాం. ఎనిమిది నెలల తర్వాత పొట్టనిండా నీటితో, కుర్చీలో కూర్చునే నిద్రపోతూ వచ్చింది. వచ్చిన వారంలోనే డయాలసిస్ పెట్టాల్సి వచ్చింది. మేం డై ఒక్క చుక్క కూడా వాడలేదు. ఆమె మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

జబ్బు సంగతి కొంచెం. ఊపిరితిత్తుల్లో గడ్డ చేరినవాళ్లలో చాలామందికి మందులతో మూడు నుంచి ఆరు నెలల్లో అది కరిగిపోతుంది. నూటికి ముగ్గురు దాకా మాత్రం అది కరగకుండా పీచులా గట్టిపడి రక్తనాళం గోడకు అతుక్కుపోతుంది. డాక్టర్లు దీన్ని సీటెఫ్ అంటారు. అప్పుడది రక్తం గడ్డ కాదు, మచ్చ. గడ్డ కరిగించే ఇంజెక్షన్లు దాని మీద పనిచేయవు. బెలూన్ కూడా దాన్ని బయటికి తీయదు. లోపలి పీచుపోగుల్ని చీల్చి గోడకు ఒత్తి, మధ్యలో దారి చేస్తుంది.

ఇక డై విషయం. క్యాథ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే తెర మీద వైరు కనిపిస్తుంది, బెలూన్ కనిపిస్తుంది, రక్తనాళం కనిపించదు. అయోడిన్ ఉన్న డై కొట్టినప్పుడే రెండు మూడు సెకన్ల పాటు నాళం నల్లగా మెరుస్తుంది. అంటే డై మాకు కళ్లు. డై లేకుండా చేయడం అంటే ఆ కళ్ల బదులు వేరే కళ్లు పెట్టుకోవడం. అందుకే "డై లేకుండా చేస్తారా" అని అడగడం కంటే "డై తగ్గిస్తే దాని బదులు దేనితో చూస్తారు" అని అడిగితే మీకు అసలు సమాధానం దొరుకుతుంది.

ఆ బదులు కళ్లలో ముఖ్యమైనది ఐవస్. సన్నటి క్యాథెటర్ కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది. వైరు మీదుగా నాళంలోకి తోసి మెల్లగా వెనక్కి లాగుతుంటే లోపలి నుంచి గుండ్రటి బొమ్మ కనిపిస్తుంది. దానికి డై అక్కర్లేదు, రక్తం ఉన్నా చూడగలదు. ఓసీటీ అని ఇంకొకటి ఉంది, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. కానీ అది వెలుతురుతో చూస్తుంది కాబట్టి రక్తాన్ని కాసేపు పక్కకు తోయాలి. అందుకు మామూలుగా డైనే వాడతారు, కొందరు సెలైన్ లాంటి ద్రవాలతో చేస్తారు. కిడ్నీ కేసులో నా ఓటు ఐవస్‌కే.

రెండోది ప్రెషర్ వైరు. మూసుకున్న చోటు దాటి అవతలకు వెళ్లగానే ప్రెషర్ పడిపోతుంది. ఆ తేడాని బట్టి ఇక్కడ అడ్డం ఉంది, ఇంత ఉంది అని తెలుస్తుంది. బెలూన్ వేశాక ఎంత తెరుచుకుందో, ఎక్కడ ఆపాలో కూడా అదే చెబుతుంది. ముందుగా వీ-క్యూ స్కాన్ (ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడ అందుతున్నాయో చూసే స్కాన్) చేసుకుంటే ఏ భాగానికి రక్తం అందడం లేదో మ్యాపు చేతిలో ఉంటుంది. పాత సీటీ బొమ్మలు పక్క తెర మీద పెట్టుకుని, పక్కటెముకల్ని, శ్వాసనాళాల్ని గుర్తులుగా పట్టుకుని క్యాథెటర్ని ఆ కొమ్మలోకి తిప్పుతాం.

ఒకసారి ఎలా జరిగిందో చెబుతాను. రేపల్లె వైపు నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన, 64 ఏళ్లు. అంతకుముందు వేరేచోట సీటీలో డై ఎక్కించిన రెండు నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయి, బీపీ పడిపోయింది. ప్రాణం మీదకు వచ్చి బతికారు. ఆయనకు సీటెఫ్. ఆపరేషన్‌కి వీలుకాని సన్న కొమ్మల్లో జబ్బు. అందరం కూర్చుని మాట్లాడుకుని డై లేకుండా మొదలుపెట్టాం.

గజ్జల్లో సిర ద్వారా పొడవాటి ట్యూబు గుండె దాటించి ఊపిరితిత్తుల నాళం దాకా తీసుకెళ్లాం. మత్తు ఇవ్వం, మనిషి మెలకువగానే ఉంటాడు. ఎందుకంటే ఆయన దగ్గు మాకు అలారం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒక కొమ్మలోకి తలవెంట్రుక కంటే కొన్ని రెట్లు లావుండే వైరు పంపడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఊపిరి పీల్చినప్పుడల్లా నాళం కదులుతుంది, వైరు కొస ఊగుతుంది. ఐవస్ లాగితే నల్లటి గుండ్రం మధ్యలో బూడిదరంగు పోగులు అడ్డదిడ్డంగా, అచ్చం సాలెగూడులా. నాళం అసలు వెడల్పు 5 మిల్లీమీటర్లు, రక్తం పోయే దారులు చూస్తే సూది మొనలంత. ప్రధాన నాళంలో సగటు ప్రెషర్ 46, ఆ గూడు అవతల 12. ముందు 2 మిల్లీమీటర్ల బెలూన్ వేశాం. మళ్లీ ఐవస్. పోగులు రెండుచోట్ల తెగాయి. తర్వాత 3.5. అవతల ప్రెషర్ 29కి వచ్చింది. అక్కడితో ఆపేశాం. 35 దాటనీయకూడదని మా నియమం. ఏళ్ల తరబడి ఎండిన భాగంలోకి ఒక్కసారిగా ఎక్కువ ప్రెషర్‌తో రక్తం వదిలితే ఊపిరితిత్తిలో నీరు చేరుతుంది. నాళం 5 ఉందని 5 మిల్లీమీటర్ల బెలూన్ వేస్తే ఆ రోజుకి బొమ్మ అందంగా ఉంటుంది, రాత్రికి మనిషి వెంటిలేటర్ మీద ఉంటాడు. ఈ పాఠం ప్రపంచమంతా కష్టపడి నేర్చుకున్నదే. 2001లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు 18 మందికి చేస్తే 11 మందికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పదేళ్లకు జపాన్ డాక్టర్లు చిన్న బెలూన్లు, ఐవస్ కొలతలు, ఎక్కువ విడతలు అనే పద్ధతి పెట్టాకే ఇది నిలబడింది.

ఆయనకు మొదటి రోజు గంటా నలభై నిమిషాల్లో రెండే కొమ్మలు తెరిచాం. డై సున్నా. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన అన్న మాట, "బాబూ, నిన్న రాత్రి రెండు దిండ్లు తీసేసి పడుకున్నా."

రెండో విడతలో మాత్రం ఒక కొమ్మలో వైరు ముందుకు పోగానే రెండుసార్లు దగ్గారు. ఆక్సిజన్ 94 నుంచి 89కి పడింది. సిస్టర్ నోటి దగ్గర పెట్టిన గాజుగుడ్డ మీద ఎర్రటి చార. వైరు కొస సన్న నాళాన్ని గుచ్చింది. డై ఉంటే ఒక చిన్న షాట్‌తో రక్తం ఎక్కడ కారుతోందో కనిపించేది, ఆగిందో లేదో కనిపించేది. మాకు అది లేదు. బెలూన్‌ని ఆ కొమ్మలోనే మెల్లగా ఉబ్బించి పది నిమిషాలు అడ్డం పెట్టాం. రక్తం గడ్డకట్టకుండా ముందు ఇచ్చిన హెపారిన్‌కి విరుగుడు ఇచ్చాం. దగ్గు ఆగిందా, ఆక్సిజన్ పెరుగుతోందా అని చూస్తూ నిలబడ్డాం. ఆగింది. కానీ ఆ పది నిమిషాలు మేం ఆయన దగ్గు వినడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. డై లేకుండా చేయడంలో ఉన్న అసలు లోటు ఇది. ఐవస్ నాళం లోపల బాగా చూపిస్తుంది, బయటికి కారేది, వైరు కొస అవతల ఉన్నది అంత బాగా చూపించదు.

అందుకే నా లెక్క ఇది. డై పడక ప్రాణాపాయం వచ్చినవాళ్లకు ఈ రిస్కు తీసుకోవడం న్యాయం. మీ అమ్మగారికి అలాంటి రియాక్షన్ లేదు, కిడ్నీ బలహీనంగా ఉంది, అంతే. కిడ్నీ విషయంలో డై ఎంత పోశామన్నది ముఖ్యం. ఆమె వయసుకి 2.1 క్రియాటినిన్ అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తుందో చెప్పే అంకె) సుమారు 27. ఇలాంటివాళ్లకు మేం పెట్టుకునే కఠినమైన హద్దు, ఈజీఎఫ్ఆర్ అంకె ఎంతో ఒక విడతలో అన్ని ఎంఎల్ మించకూడదు. అంటే 25 ఎంఎల్ చుట్టుపక్కల. మామూలుగా ఈ పనికి ఒక విడతలో 100 దాటడం వింత కాదు. ఐవస్, ప్రెషర్ వైరు ఉండి, డైని సెలైన్‌తో సగానికి సగం కలిపి, అవసరమైన చోట మూడేసి ఎంఎల్ కొడితే 25లో ఒకటి రెండు కొమ్మలు పూర్తి చేయవచ్చు. విడతలు పెరుగుతాయి, ఫరవాలేదు. ప్రతి విడత తర్వాత 48 నుంచి 72 గంటల్లో క్రియాటినిన్ చూసి, అది పాత అంకెకు వచ్చాకే తర్వాతి విడత.

ఇంకొక ఊరట కలిగించే సంగతి. డైని కిడ్నీల పైన పెద్ద ధమనిలో నేరుగా కొడితే చిక్కగా కిడ్నీ మీద పడుతుంది. ఊపిరితిత్తుల నాళంలో కొట్టిన డై ముందు ఊపిరితిత్తులు, ఎడమ గుండె దాటి, రక్తంలో కలిసి పలచబడి కిడ్నీకి చేరుతుంది. చేతి సిరలో ఎక్కించినదానితో సమానం. గుండె యాంజియోగ్రామ్ తర్వాత డయాలసిస్ అయినవాళ్ల కథలు విని దీనికి అంటగట్టకండి.

ఎంఆర్ఐ డై అయిన గాడోలినియం వాడవచ్చా, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడవచ్చా అని కూడా అడిగారు. కాళ్ల నాళాలకు గ్యాస్ బాగానే పనికొస్తుంది. ప్రెషర్ ఎక్కువున్న ఊపిరితిత్తుల్లో గ్యాస్ చిక్కుకుంటే ప్రెషర్ ఇంకా పెరగవచ్చు, నేను వాడను. గాడోలినియంలో పాతరకాలు కిడ్నీ చెడినవాళ్లకు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తాయని 2006లో బయటపడింది. కొత్తరకాలకు ఆ భయం చాలా తక్కువ, అయినా క్యాథ్ ల్యాబ్‌లో అయోడిన్ డై బదులు పోయడానికి అది సరైన వస్తువు కాదు.

రొయ్యలు పడవు కాబట్టి డై పడదు అనే మాట మన తీరంలో ప్రతి ఇంట్లో ఉంది. మీ ప్రశ్నలోనూ ఉంది. రొయ్యల ఎలర్జీ రొయ్యలోని ప్రొటీన్ వల్ల వస్తుంది, అయోడిన్ వల్ల కాదు. మీ అమ్మగారికి రొయ్యలు తింటే దురద వస్తుందని డాక్టరుకి చెప్పండి, కానీ దాన్ని పట్టుకుని డై వద్దనకండి.

బెలూన్ కంటే ముందు రెండు పనులు మిగిలి ఉన్నట్టున్నాయి. వీ-క్యూ స్కాన్ చేయించినట్టు మీరు రాయలేదు. దానికి అయోడిన్ డై లేదు, కిడ్నీకి ఇబ్బంది లేదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న చోటే చేస్తారు, విజయవాడలో కూడా ప్రతి ఆసుపత్రిలో దొరకదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. రెండోది, ఆపరేషన్ గురించి ఎవరైనా సర్జన్ అభిప్రాయం తీసుకున్నారా? ఛాతీ తెరిచి, ఒంటిని 20 డిగ్రీల దాకా చల్లబరిచి, రక్తప్రసరణ కాసేపు ఆపి, ఆ మచ్చ పొరను ఒలిచేసే ఆపరేషన్ ఉంది. పెద్ద నాళాల్లో జబ్బు ఉన్నవాళ్లకు అదే మొదటి దారి. మన దేశంలో కొద్ది చోట్లే చేస్తారు. సీటీ సీడీ పంపించి అభిప్రాయం అడగవచ్చు, మనిషిని తిప్పక్కర్లేదు. ఆ సీడీని జాగ్రత్తగా పెట్టుకోండి. కొత్త ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ "మళ్లీ సీటీ" అంటారు. ఆ డై అంతా అనవసరం. పాత సీడీ చూడమని గట్టిగా అడగండి.

రక్తం పలచబడే మందు మళ్లీ మొదలుపెట్టారని రాశారు, మంచిది. ఈ జబ్బులో అది జీవితాంతం. యాంటీ ఫాస్ఫోలిపిడ్ పరీక్ష (రక్తం తేలిగ్గా గడ్డకట్టే గుణం ఉందా అని చూసేది) చేశారో లేదో అడగండి, అది పాజిటివ్ అయితే రక్తం పలచబరిచే కొత్తరకం మాత్రల కంటే ఎసిట్రోమ్ లాంటి పాతరకమే మేలు. ఎసిట్రోమ్ వాడుతుంటే గోంగూర, తోటకూర పూర్తిగా మానక్కర్లేదు. వారంలో ఎన్నిసార్లు తింటారో ప్రతి వారం అన్నేసార్లు తినాలి. ఒక వారం అసలు లేకుండా, ఒక వారం రోజూ తింటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె) ఊగిపోతుంది.

మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారని చివర్లో రాశారు. అది ఈ రోజే ఆపించండి. ఆ నొప్పి సూది చాలావరకు డైక్లోఫెనాక్. ఆమె కిడ్నీకి నెలకు రెండు డైక్లో సూదులు చేసే హాని, జాగ్రత్తగా వాడిన 25 ఎంఎల్ డై కంటే తక్కువేమీ కాదని నా అంచనా. పైగా రక్తం పలచబడే మందు మీద ఉన్నప్పుడు పిర్రకు సూది వేస్తే కండలో రక్తం గడ్డకట్టి నరకం చూస్తారు. నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడవచ్చో డాక్టరుని అడగండి.

ముందురోజు రెండు సీసాల సెలైన్ ఎక్కిస్తే డై కడుక్కుపోతుందని ఎవరైనా చెబితే ఆమె విషయంలో ఒప్పుకోకండి. కుడి గుండె నీరు మోయలేని స్థితిలో ఉంది. సెలైన్ ఎంత అన్నది ఆమె బరువు, సిరల ప్రెషర్ చూసి అక్కడి డాక్టరే తేల్చాలి. కిడ్నీ కోసమని ఇచ్చే ఎసిటైల్ సిస్టీన్ మాత్రలకు 2018లో అచ్చయిన సుమారు 5 వేల మంది పరీక్షలో లాభం కనిపించలేదు, వాటికి డబ్బు పెట్టకండి. ఎండాకాలం అయితే బస్సులో మధ్యాహ్నం ప్రయాణం పెట్టుకోకుండా ముందురోజు సాయంత్రమే వచ్చి చేరండి. లాసిక్స్ ఆ రోజు వేసుకోవాలా మానాలా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మీ విజయవాడ డాక్టరు గారిని కలిసినప్పుడు మొహమాటం లేకుండా అడగండి. ఊపిరితిత్తుల బెలూన్లు మీ టీమ్ ఎన్ని చేసింది? ల్యాబ్‌లో ఐవస్ ఉందా? ఒక విడతకి ఎన్ని ఎంఎల్ డై హద్దు పెట్టుకుంటారు? దగ్గులో రక్తం వస్తే ఏం చేస్తారు? ఈ పని తరచుగా చేసేవాళ్లు వీటికి చిరాకు పడరు, ఇంకా వివరంగా చెబుతారు. గుండె స్టెంట్లు వేల కొద్దీ వేసిన చెయ్యి అయినా దీనికి వేరే అలవాటు కావాలి. ఐవస్ క్యాథెటర్ ఖరీదైనది, ప్యాకేజీలో ఉందో బయట కట్టాలో ముందే తేల్చుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గర చేరకముందే కనుక్కోండి.

వీ-క్యూ రిపోర్టు, కొత్త క్రియాటినిన్, వారం రోజుల బరువులు చేతికి వచ్చాక రాయండి. అమ్మగారి పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా చూసుకోండి. కాళ్ల వాపు ఇప్పుడు చీలమండ దాకా ఉందా, మోకాలి దాకా ఉందా అన్నది కూడా రాయండి. ఈలోపు ఆమె స్పృహ తప్పి పడిపోయినా, దగ్గులో రక్తం కనిపించినా, ఒక్క రోజులో బరువు రెండు కిలోలు పెరిగినా నా జవాబు కోసం ఆగకండి, దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.